మూడేళ్ల మాటకు ముప్పై అయిదు వేలు: ఒక అప్పుల సెటిల్‌మెంట్ కంపెనీ సేవపై సమీక్ష

క్రెడిట్ కార్డు బాకీల విషయంలో బ్యాంకులతో తామే మాట్లాడి తగ్గించిపెడతామని చెప్పుకొనే హైదరాబాదు కంపెనీ ఒకదాని సేవను నేను 2022 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు డబ్బు కట్టి వాడుకున్నాను. చేరేటప్పుడు 4,999 రూపాయలు, ఆపైన నెలకు 2,500 చొప్పున పన్నెండు నెలలు, మొత్తం 34,999 రూపాయలు వారికి ముట్టాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే మూసలో నడిచే సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి కనుక, పేరు కన్నా వాటి పనితీరు తెలియడమే చదివేవారికి అక్కరకొస్తుంది. వారి యాప్ ఎలా ఉంది, ఫోను ఎత్తుతారా లేదా అన్న సంగతులు క్లుప్తంగా చెప్పి, వారు నాకు అమ్మిన అసలు సరుకు గురించే ఎక్కువగా రాస్తాను. ఆ సరుకు పేరు 'మూడేళ్లు'.

విజయవాడలో నాకు చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. 2018 చివర్లో ఒక పెద్ద పార్టీ దగ్గర డబ్బు ఇరుక్కుపోవడంతో, కాగితం కొనడానికి వాడిన కార్డు బాకీ కట్టలేకపోయాను. నేను చివరిసారి కట్టింది 2018 డిసెంబరు 10న; గడువు తప్పింది 2019 జనవరి 5న. అప్పటికి బాకీ 84,000 రూపాయలు. నెలనెలా వడ్డీ, ఆలస్య రుసుము, వాటి మీద జీఎస్టీ కలిసి 2023 చివరికి అది 2,38,000 దాకా పాకింది. ఈ తేదీలను ఇంత వివరంగా ఎందుకు ఇస్తున్నానో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది. కాలపరిమితి వ్యవహారమంతా తేదీల మీదే నడుస్తుంది, ఆ కంపెనీ చూడనివి కూడా అవే.

మొదటి ఫోనులోనే వారి ప్రతినిధి, కుర్రవాడే, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "సార్, కార్డు బాకీకి తాకట్టు ఏమీ లేదు కదండీ. మూడేళ్లు దాటితే అప్పు చచ్చిపోయినట్టే. మీది 2022 జనవరి 5కే అయిపోయింది. ఇక బ్యాంకు మిమ్మల్ని ఏమీ చేయలేదు, మేము సెటిల్ చేయించేస్తాం" అన్నాడు. అప్పు చచ్చిపోయిందంటున్నవారు దాన్ని సెటిల్ చేయడానికి నా దగ్గర నెలనెలా రుసుము ఎందుకు తీసుకుంటున్నారని అడగాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. రికవరీ ఏజెంట్లు మా అత్తగారింటికి కూడా ఫోన్లు చేస్తున్న రోజులవి. ఎవరు ఏ ధైర్యం చెప్పినా చెవికి ఇంపుగానే ఉండేది.

ముందుగా వారు చేసిన మేలు చెబుతాను. ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశం గురించి నాకు మొదట చెప్పింది వారే. వచ్చిన ప్రతి ఫోను తేదీ, సమయం రాసిపెట్టుకోమన్నారు. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపాల్సిన ఫిర్యాదు ముసాయిదా ఇచ్చారు. రెండు నెలల్లో ఫోన్లు బాగా తగ్గాయి. ఇది నిజంగా జరిగిన పని. అయితే, ఇదే ఫిర్యాదు ముందు బ్యాంకుకు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైనులో పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చనీ, వివరాలకు 14448 నంబరు ఉందనీ తర్వాత తెలిసింది. దానికి ఎవరి చందా అక్కరలేదు.

ఇక అసలు సరుకు సంగతి. మూడేళ్లన్నది కల్పన కాదు. లిమిటేషన్ యాక్ట్ అని అందరూ పిలిచే 1963 నాటి కాలపరిమితి చట్టం 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. తాకట్టు లేని బాకీల వసూలు దావాలు దాదాపు అన్నీ మూడేళ్లలోపే వేయాలి. ఆ చట్టం షెడ్యూలులో క్రెడిట్ కార్డు పేరుతో విడిగా అధికరణం లేదు. ఒప్పందం తప్పినందుకు వేసే దావాకు 55వ అధికరణం ఉంది, మరే అధికరణం కిందికీ రాని దావాలకు 113వ అధికరణం ఉంది, ఇరుపక్షాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలతో నడిచే ఖాతాకైతే మొదటి అధికరణం ఉంది. మూడింటిలోనూ గడువు మూడేళ్లే గానీ, లెక్క మొదలయ్యే రోజు వేరు. మొదటి అధికరణం వర్తిస్తుందని బ్యాంకు నెగ్గించుకుంటే, ఖాతాలో చివరి పద్దు పడిన సంవత్సరం ముగిసిన నాటి నుంచి లెక్క మొదలవుతుంది. అంటే నెలల తేడా వచ్చేస్తుంది. ఏ తేదీ పట్టుకోవాలన్నదే కోర్టులో మొదటి తగవు. కంపెనీ కుర్రవాడికి మాత్రం ఆ తేదీ నా స్టేట్‌మెంటు చూడకుండానే, ఫోనులోనే దొరికింది.

పైగా మూడేళ్లు నిండితే అప్పు చచ్చిపోదు. దావా వేసి రాబట్టుకునే దారి మూసుకుపోతుంది, బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. బాంబే డైయింగ్ కేసులో సుప్రీంకోర్టు 1957లోనే ఈ మాట చెప్పింది. మన పల్లెల్లో 'కాలదోషం పట్టిన నోటు' అన్న మాటలో ఈ తేడా చక్కగా ఇమిడి ఉంది. దోషం పట్టింది కాగితానికి. తీసుకున్న డబ్బు తీసుకున్నదే. కనుక కాలదోషం పట్టాక కూడా బ్యాంకు మర్యాదగా అడగవచ్చు, ఉత్తరం రాయవచ్చు. అడగడమే నేరమని కంపెనీ వారి పుస్తకంలో ఒక పేజీ నిండా రాసి ఉంది. అమెరికాలో 2021 నవంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన ఒక నిబంధన, కాలదోషం పట్టిన బాకీపై దావా వేయడాన్నీ వేస్తామని బెదిరించడాన్నీ వసూలు సంస్థలకు నిషేధించింది. అక్కడి సమాచారాన్ని ఎక్కడో చదివి, అందులోనూ సగమే అర్థం చేసుకుని, మన దేశానికి అంటగట్టినట్టు నాకు అనిపించింది. అక్కడ కూడా మూడేళ్లన్నది అన్ని రాష్ట్రాల లెక్క కాదు. న్యూయార్కులో 2022 ఏప్రిల్ 7 నుంచి మూడేళ్లు, కాలిఫోర్నియాలో నాలుగు, న్యూజెర్సీలో ఆరు. డాలర్ కార్డు బాకీ వదిలి ఇక్కడికి తిరిగొచ్చిన మనవాళ్లు ఇలాంటి కంపెనీల మాట వినే ముందు ఈ తేడా గమనించాలి.

2022 సెప్టెంబరులో, చేరిన వారానికే, వారు నాతో ఒక ఉత్తరంపై సంతకం చేయించారు. ముద్రించి తెచ్చిన ఫారం అది. ఖాళీల్లో నా పేరు, కార్డు నంబరు, మొత్తం మాత్రం పెన్నుతో నింపారు. 'నేను మీకు చెల్లించవలసి ఉన్న 1,96,000 రూపాయలను ఆర్థిక ఇబ్బందుల వల్ల కట్టలేకపోయాను. తగ్గించిన మొత్తాన్ని వాయిదాల్లో చెల్లిస్తానని హామీ ఇస్తున్నాను' అని దాని సారాంశం. రెండు ప్రతుల మీద సంతకం చేశాను. ప్రెస్సువాణ్ణి కనుక కాగితం డెబ్బై జీఎస్‌ఎమ్ అనీ, కింది గీత వంకరగా పడిందనీ గమనించాను గానీ, పైన రాసిన వాక్యం ఏమి చేస్తుందో గమనించలేదు. బ్యాంకుకు దాన్ని కొరియరులో పంపారు. కొరియరు ఖర్చు కూడా నాదే.

2023 జూన్‌లో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన బంగారు రంగు ముద్ర, కింద ఎవరిదో సంతకం, మధ్యలో పెద్ద అక్షరాలతో 'లిమిటేషన్ సర్టిఫికెట్'. నా బాకీకి 2022 జనవరి 5 నాటికి కాలదోషం పట్టిందని ధ్రువీకరిస్తున్నట్టు అందులో ఉంది. ఏ ఏజెంటు వచ్చినా ఇది చూపించమన్నారు. ఇలాంటి ధ్రువపత్రం మన చట్టంలో ఎక్కడా లేదు. కాలదోషం పట్టిందో లేదో తేల్చవలసింది దావా విన్న కోర్టు. అంతకుముందు ఎవరు ఏ ముద్ర వేసినా అది రంగు కాగితమే. నేను మాత్రం ఆ రోజు దాన్ని మా ప్రెస్సులోనే ఆర్టు కార్డు మీద ప్రింటు తీసి, కౌంటరు వెనుక అద్దం కింద పెట్టుకున్నాను.

2024 జనవరిలో కోర్టు అమీనా ప్రెస్సుకు వచ్చి సమన్లు ఇచ్చాడు. బ్యాంకు 2023 నవంబరులో దావా వేసింది. కంపెనీకి ఫోను చేస్తే, అప్పటికి నా చందా ముగిసి నాలుగు నెలలైనా, మాట్లాడారు, అందుకు మెచ్చుకోవచ్చు. చెప్పిన సలహా మాత్రం ఈ మొత్తం సేవలో అతి ప్రమాదకరమైనది. "కాలదోషం పట్టిన కేసు సార్ అది. పట్టించుకోకండి. కోర్టే కొట్టేస్తుంది" అన్నారు. ఇందులోనూ సగం నిజముంది. గడువు దాటి వేసిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టివేయాలని ఆ చట్టం 3వ సెక్షను చెబుతోంది. కానీ గడువు దాటలేదని బ్యాంకు తన దావాలో తేదీలు చూపి రాసినప్పుడు, ఎదుటి పక్షాన ఎవరూ హాజరు కాకపోతే, ఆ తేదీలు తప్పని చెప్పేవారెవరు? హాజరు కాకుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన వాదన లేకుండానే ఇచ్చే తీర్పు, వస్తుంది. డిక్రీ వచ్చాక మూడేళ్ల ముచ్చట పోయి పన్నెండేళ్ల లెక్క మొదలవుతుంది. కాలపరిమితి చట్టం 136వ అధికరణం ప్రకారం డిక్రీని అమలు చేయించుకోవడానికి గడువు అంత. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి, కారణం చూపితే 90 రోజుల దాకా కోర్టు అనుమతించవచ్చు. నేను కంపెనీ మాట విని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ గడువులన్నీ నా నెత్తిన పడేవి.

మా వీధి చివర ఉండే పెద్ద ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాను. మొదటి రోజు సలహాకు 1,500 రూపాయలు తీసుకున్నారు. నా సర్టిఫికెట్‌ను ఆయన ఒక్కసారి చూసి, కళ్లజోడు సవరించుకుని, "అచ్చు బాగుంది బాబూ, మీదేనా?" అన్నారు. తర్వాత కార్డు స్టేట్‌మెంటు తిరగేసి, దాని వెనుక పెన్సిలుతో లెక్క వేశారు. ఆ లెక్క అరగంట కూడా పట్టలేదు. కంపెనీ ఏడాదిలో చేయనిది అదే కనుక ఇక్కడ పూర్తిగా ఇస్తున్నాను.

2019 జనవరి 5 నుంచి కరోనా ముందటి 2020 మార్చి 14 వరకు జరిగిన కాలం 14 నెలల 9 రోజులు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని కాలపరిమితి లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తర్వు ఇచ్చింది. కరోనా రోజుల్లో కోర్టుకు రాలేకపోయిన కక్షిదారుల కోసం తానంతట తాను చేపట్టిన వ్యవహారంలో ఇచ్చిన ఉత్తర్వు అది. అప్పిచ్చినవారికీ అది వర్తిస్తుంది. కనుక నా విషయంలో గడియారం దాదాపు రెండేళ్లు ఆగి, మిగిలిన రమారమి 21 నెలల 3 వారాల కాలం 2022 మార్చి 1 నుంచి మళ్లీ నడిచింది. ఆ లెక్కన గడువు ముగిసేది 2023 డిసెంబరు మూడో వారం చివర. బ్యాంకు నవంబరులోనే దావా వేసింది. అంటే 2022 జనవరిలో గడువు ముగిసిందన్న కంపెనీ లెక్క దాదాపు రెండేళ్లు తప్పు. ఈ ఉత్తర్వు పత్రికల్లో వచ్చింది, టీవీల్లో వచ్చింది. కాలపరిమితినే సరుకుగా అమ్మే సంస్థకు అది తెలియకపోవడం, బియ్యం అమ్మేవాడికి తూకం తెలియకపోవడం లాంటిది.

అంతటితో అయిపోలేదు. బ్యాంకు దావాకు జత చేసిన పత్రాల్లో మూడవది నేను 2022 సెప్టెంబరులో సంతకం చేసిన ఉత్తరం. గడువు ఇంకా మిగిలి ఉండగా బాకీ ఉందని బాకీదారు రాసి సంతకం చేస్తే, ఆ సంతకం చేసిన రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయని కాలపరిమితి చట్టం 18వ సెక్షను చెబుతోంది. కరోనా మినహాయింపు వల్ల 2022 సెప్టెంబరు నాటికి నా గడువు మిగిలే ఉంది కనుక, ఆ ఉత్తరం బ్యాంకుకు 2025 సెప్టెంబరు దాకా వ్యవధి ఇచ్చేసింది. ఒకవేళ కంపెనీ చెప్పినట్టు 2022 జనవరికే కాలదోషం పట్టిందనుకున్నా తప్పించుకునే దారి లేదని ప్లీడరు గారు మరో ముడి విప్పారు. కాలదోషం పట్టిన బాకీని సైతం చెల్లిస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను మూడవ ఉపవిభాగంలో ఉంది. 'హామీ ఇస్తున్నాను' అన్న రెండు మాటలు అందుకు సరిపోతాయని బ్యాంకు వాదించగలదు. ఎటు తిప్పినా ఆ కాగితం నన్నే పట్టుకుంటుంది.

మా తాతగారి ట్రంకు పెట్టెలో పాత ప్రోనోట్లు ఇప్పటికీ ఉన్నాయి. చాలావాటి వెనుక మూడేళ్లు నిండబోతున్న రోజుల్లో 'పది రూపాయలు జమ' అని రాసి, బాకీదారు సంతకమో వేలిముద్రో వేసిన చెల్లు కనిపిస్తుంది. ఆ పది రూపాయల కోసం ఎవరూ చెల్లు వేయించుకోరు. నోటుకు ఇంకో మూడేళ్లు ప్రాణం పోయడానికి వేయించుకుంటారు. అసలులోనో వడ్డీలోనో కొంత చెల్లించి, ఆ చెల్లింపును చేతిరాతతోనో సంతకంతోనో నమోదు చేస్తే గడువు కొత్తగా మొదలవుతుందన్న 19వ సెక్షను పల్లెల్లో నడిచే రూపం అదే. ప్లీడరు గారు ఆ మాటే ఎత్తారు. "పూర్వం చెల్లు కోసం అప్పిచ్చినవాడు మీ ఇంటి చుట్టూ తిరిగేవాడు. మీరు ఎదురు డబ్బిచ్చి, కొరియరు ఖర్చు పెట్టుకుని మరీ చెల్లు పంపారు." ఇంతకన్నా క్లుప్తమైన సమీక్ష నేను రాయలేను.

ఉత్తరం కాగితం మీదే ఉండాలని కూడా లేదు. ఈమెయిల్‌లో బాకీని ఒప్పుకున్నా 18వ సెక్షను కింద చెల్లుతుందని కర్ణాటక హైకోర్టు 2013లో ఒక కేసులో చెప్పింది. కంపెనీ యాప్‌లో 'బ్యాంకుకు మెయిల్ పంపు' అనే బొత్తాము ఉంది. నొక్కితే ఇదే రకం వాక్యాలతో మన పేరున మెయిల్ వెళ్తుంది. నేను దాన్ని మూడుసార్లు నొక్కాను. సెటిల్‌మెంటు కోరడమే తప్పని అనడం లేదు. హక్కులకు భంగం లేకుండా, బాకీ ఇంత అని ఒప్పుకోకుండా కూడా బేరం ఆడవచ్చు. ఆ వాక్యం ఎలా రాయాలో తెలిసినవారితో రాయించుకోవాలి. 34,999 రూపాయలకు నేను ఆశించిన నైపుణ్యం ఆ ఒక్క వాక్యమే.

వీరి సేవలో మరో లోపం మా బావమరిది విషయంలో బయటపడింది. రాజంపేట వైపు వాడు, 2019లో కార్డు బాకీతోనే కువైట్ వెళ్లాడు. నా మాట మీదే ఇదే కంపెనీలో చేరాడు. 'విదేశాల్లో ఉన్నవారికి ప్రత్యేక ప్యాకేజీ' అని రుసుము కొంచెం ఎక్కువ తీసుకుని, వాడికీ మూడేళ్లు దాటిపోయాయని చెప్పారు. బాకీదారు భారతదేశంలో లేని కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని కాలపరిమితి చట్టం 15వ సెక్షను అయిదవ ఉపవిభాగం చెబుతోంది. వాడు అక్కడ ఎన్నేళ్లుంటే అన్నేళ్లు ఇక్కడి గడియారం ఆగి ఉన్నట్టే లెక్క. కువైట్‌కో దుబాయ్‌కో డల్లాస్‌కో వెళ్లి కూర్చుంటే ఇక్కడి బాకీకి దానంతటదే కాలదోషం పడుతుందని నమ్మేవారు మన జిల్లాల్లో తక్కువ కాదు, చట్టం మాట దానికి సరిగ్గా ఎదురు. విదేశీ ప్యాకేజీ అమ్మేవారికి ముందుగా తెలియవలసిన సెక్షను ఇది. ప్లీడరు గారు చెప్పింది వాడికి చెబితే, ఫోనులో కాసేపు మాట రాలేదు.

మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదిక గురించి కూడా వారు మూడేళ్ల మాటే చెప్పారు. గడువు దాటితే నివేదికలో మచ్చ పోతుందన్నారు. ఈ రెంటికీ సంబంధం లేదు. క్రెడిట్ సమాచార సంస్థలు తమ దగ్గరున్న వివరాలను కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది 2005 నాటి వేరే చట్టం కింద వచ్చిన నియమం. కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయిన బాకీ కూడా నివేదికలో కనిపిస్తూనే ఉంటుంది. నివేదికలో తప్పు దొర్లితే మాత్రం సరిదిద్దమని అడగవచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఈ ఉపయోగకరమైన సంగతి వారి పుస్తకంలో లేదు.

కేసు ఎలా ముగిసిందో చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. ప్లీడరు గారు 12,000 రూపాయలు తీసుకుని వకాలత్ వేసి, వడ్డీ లెక్కను ప్రశ్నిస్తూ జవాబు దావా వేశారు. కాలదోషం వాదన కూడా రాశారు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. 2024 సెప్టెంబరులో జరిగిన జాతీయ లోక్ అదాలత్‌లో బ్యాంకు 95,000 రూపాయలకు, మూడు వాయిదాల్లో, ఒప్పుకుంది. సంతకం చేసేముందు ప్లీడరు గారు అవార్డు (రాజీ తీర్పు) కాగితాన్ని నా చేత పైకి చదివించారు. మొత్తం బాకీ దీనితో తీరినట్టేననీ, చివరి వాయిదా తర్వాత 30 రోజుల్లో బాకీ లేదన్న పత్రం ఇవ్వాలనీ ఉన్న రెండు వాక్యాలను రెండోసారి చదివించారు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమనీ, దాని మీద అప్పీలు ఉండదనీ 1987 నాటి న్యాయ సేవల చట్టం 21వ సెక్షను చెబుతోంది. అందుకే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దావా వేయకముందే ప్రీ లిటిగేషన్ పేరుతో లోక్ అదాలత్ నోటీసులు వస్తుంటాయి. బాకీకి నిజంగానే కాలదోషం పట్టి ఉన్నవారు ఆ సంగతి చూసుకోకుండా అక్కడ రాజీ సంతకం చేస్తే, కోర్టుకు రాలేని బాకీ పన్నెండేళ్లు అమలు చేయదగిన డిక్రీగా మారుతుంది. వెళ్లకూడదని కాదు, పెన్సిలు లెక్క వేయించుకుని వెళ్లాలి. మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) నోటీసులకూ ఇదే వర్తిస్తుంది. వేరే ఊరి నుంచి వచ్చిన ఆర్బిట్రేషన్ కాగితాలన్నీ ఉత్తుత్తివేనని కంపెనీ వారు చెబుతారు గానీ, ఆ అవార్డు కూడా డిక్రీ లాగే అమలవుతుంది.

రాజీ కుదిరిన పది రోజులకు కంపెనీ నుంచి 21,450 రూపాయలకు బిల్లు వచ్చింది. 2,38,000 బాకీ 95,000కు తగ్గింది కనుక, ఆదా అయిన 1,43,000లో పదిహేను శాతం తమదట. ఒప్పందం పత్రంలో ఆరో పేజీలో అలాంటి షరతు నిజంగానే ఉంది; చదవకపోవడం నా తప్పు. సభ్యత్వం ముగిశాక, వారి ప్రమేయం లేకుండా, వారి సలహాకు వ్యతిరేకంగా నడిచిన వ్యవహారానికి రుసుము ఎలా వస్తుందని ప్లీడరు గారు ఒక కార్డు ముక్క రాసి పంపారు. తర్వాత వారు అడగలేదు.

యాప్‌కు, ఫోనులో మర్యాదకు, ఏజెంట్ల బెడద తగ్గించినందుకు అయిదింటికి మూడు ఇవ్వవచ్చు. కాలపరిమితి సలహాకు సున్నా ఇవ్వాలి. వారు దాన్ని ప్రధాన సేవగా అమ్ముతున్నారు కనుక మొత్తం మీద ఒకటి ఇస్తున్నాను. ఇలాంటి సంస్థలో ఇప్పటికే చేరి ఉన్నవారు రెండు పనులు వెంటనే చేయవచ్చు: మీ పేరున బ్యాంకుకు వెళ్లిన ప్రతి ఉత్తరం, మెయిల్ ప్రతిని అడిగి తెప్పించుకోవడం, కోర్టు కాగితం ఏది వచ్చినా ఆ వారంలోనే ఒక సివిల్ ప్లీడరుకు చూపించడం. రుసుము భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫోను నంబరు 15100.

చివరి వాయిదా కట్టి, బాకీ లేదన్న పత్రం తెచ్చుకున్నాను. సిబిల్ నివేదికలో ఆ ఖాతా ఎదురుగా 'సెటిల్డ్' అని ఉంది, ఇంకా కొన్నేళ్లు ఉంటుంది. కౌంటరు అద్దం కింది సర్టిఫికెట్ తీసేసి, వెనుక వైపు తెల్లగా ఉండటంతో శుభలేఖల రేట్లు ముద్రించి మళ్లీ అక్కడే పెట్టాను. కంపెనీ యాప్ మాత్రం ఫోనులో అలాగే ఉండిపోయింది. ప్రతి నెలా మొదటి తారీఖున అది ఒక సందేశం పంపుతుంది: 'మీ కేసు పురోగతిలో ఉంది.'